రాళ్లాయన, నీళ్లాయన, మధ్యలో వంతెన

ఆ లోయ పార్కులో కొండ మీది రాళ్లన్నీ ఆయనవే. ఆయన కొన్నదీ లేదు, ఆయనకు ఎవరూ రాసిచ్చిందీ లేదు. అయినా పాత మండపంలో ఎవరైనా స్తంభానికి వీపు ఆనించారంటే, తన కొత్త చొక్కాకు చెయ్యి తుడిచినట్టు ముఖం మాడ్చుకునేవాడు. చేసేది గైడు పని. అందరికీ ఆయన రాళ్లాయన.

ఒక కాలు కొంచెం ఈడుస్తూ, ఎడమ కన్ను చికిలిస్తూ, చేతికర్రతో గాలిలో గీతలు గీస్తూ ఆయన నోరు తెరిచాడా, ఎన్నడో కూలిన కప్పు లేచి వచ్చి స్తంభాల మీద కూర్చోవలసిందే. తూర్పు గోడ ఎందుకు ఒరిగింది? రాజుగారు తుమ్మారు. మండపం నడిమధ్య నేల ఎందుకు కుంగింది? రాజుగారి పెద్ద ఏనుగు అక్కడ అలిగి కూర్చుంది, మూడు తరాలు లేవలేదు. ఆ రాజు పేరేమిటని ఎవరైనా అడిగితే, "పేరు పెట్టి పిలిచే ధైర్యం అప్పట్లో ఎవరికుందండీ?" అని అడిగినవాడినే నిలదీసేవాడు.

అంతకు ముందు చేసిన ఉద్యోగాలన్నీ ఆ నోటి వల్లే ఊడాయి. బట్టల కొట్లో ఉన్నప్పుడు, ఒక కోటు చూపించి దాన్ని తొడుక్కున్నవాడికి చలి కాదు కదా అప్పులవాళ్లు కూడా దగ్గరికి రారని చెప్పాడు. కొన్నవాడు మర్నాడు అప్పులవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. బస్సు కండక్టరుగా ఉన్నప్పుడు, రాబోయే స్టాపులో దెయ్యం ఎక్కుతుందని కథ అల్లితే, ఆ స్టాపులో దిగాల్సినవాళ్లు కూడా దిగలేదు. నోటి వల్ల నిలబడ్డ ఉద్యోగం జీవితంలో ఈ గైడు పని ఒక్కటే. ఇక్కడ అబద్ధానికి జీతమిచ్చి, పైన యూనిఫారం కూడా కుట్టించారు.

మండపం కూడా ఆయనకు తగ్గదే దొరికింది. గుసగుసగా అన్న మాటను సైతం పట్టుకుని, నాలుగు మూలలా తిప్పి, అందరి చెవుల్లో మెత్తగా దించేది. అందుకని గొంతు పెంచాల్సిన అవసరం ఆయనకు ఏనాడూ రాలేదు.

కింది లోయ మాత్రం ఆయనది కాదు. అక్కడి జలపాతం నీళ్లాయనది. నీళ్లాయనంటే పరాయివాడేం కాదు, రాళ్లాయన భార్యకు స్వయానా తమ్ముడు. ఒకే ఇంట్లో కింది వాటా బావది, మేడ మీది గది బావమరిదిది. పొద్దున్నే ఒకడు స్నానాలగదిలో దూరితే, రెండోవాడు బయట నిలబడి బకెట్టును కాలితో తంతుంటాడు. ఇద్దరికీ మాటల్లేవు. తిట్లు మాత్రం పుష్కలంగా ఉన్నాయి, అవి కూడా నేరుగా కాదు.

తిట్లు మోసే పని సందర్శకులది. పార్కులో మొదటి నుంచీ ఉన్న పద్ధతి ప్రకారం, గేటు దగ్గర టికెట్టు కొన్నవాళ్లకు రాళ్లాయన పైన కట్టడాలన్నీ చూపించి, లోయ మీది ఇనుప వంతెన మధ్యలో నీళ్లాయనకు అప్పగించాలి. నీళ్లాయన వాళ్లను కిందికి దించి, జలపాతం చూపించి, మళ్లీ వంతెన దాకా ఎక్కించాలి. అక్కణ్ణుంచి వాళ్లు మండపం మీదుగానే గేటుకు పోతారు. అంటే పోయేటప్పుడొక మూట, వచ్చేటప్పుడొక మూట.

"కింద ఒకాయన ఉంటాడండీ. పాపం, ఆ తడిలో ఉండి ఉండి బుర్ర నానిపోయింది. ఏం చెప్పినా తలూపెయ్యండి" అని రాళ్లాయన సాగనంపేవాడు.

కింద నీళ్లాయన వాళ్లకు స్వాగతం చెప్పేవాడు: "పైన మా బావగారు ఏనుగు స్తంభం చూపించారా? మేకని కట్టేవాళ్లండీ దానికి. అదీ ఒకటే మేక. అదీ తెంపుకుని పారిపోయింది."

సందర్శకులు ఆ మేకను పదిలంగా పైకి మోసుకొచ్చి, "ఏమండీ, మేకట కదా!" అని రాళ్లాయన ముఖం మీదే నవ్వేవాళ్లు. ఇది ఎవరు మొదలుపెట్టారో ఒకడికి అక్కా, ఇంకొకడికి భార్యా అయిన ఆవిడకు కూడా తెలియదు. ఆవిడ గేటు దగ్గర టికెట్ల కిటికీలో కూర్చునేది. పోయేవాళ్లు బయట ఆగి, "మీ గైడులిద్దరికీ ఏమైనా ఆస్తి తగాదాలా?" అని అడిగితే, "ఆస్తి ఉంటే అది తిని ఊరుకునేవాళ్లు. లేకే ఒకళ్లనొకళ్లు తింటున్నారు" అనేది.

ఇలా ఉండగా పార్కుకు కొత్త మేనేజరమ్మ వచ్చింది. మొదటి రోజే సందర్శకుల మధ్య కలిసి పైనా కిందా తిరిగింది. మర్నాడు ఇద్దరినీ ఆఫీసు గదిలోకి పిలిచి, బల్ల మీద ఒక ఈల పెట్టింది.

"మీరిద్దరూ ఒకళ్లనొకళ్లు తిట్టుకోవడం వినడానికి ఎవరూ టికెట్టు కొనరు. ఇకనుంచి గేటు నుంచి జలపాతం దాకా ఒకే గైడు. రెండో మనిషికి కార్ల పార్కింగులో పని. ఈ ఈల నోట్లో పెట్టుకుని బళ్లు వెనక్కీ ముందుకీ జరిపించాలి. మీ మీ సగాలు విన్నాను. వచ్చే వారం కిందాయన పైన చెప్పాలి, పైనాయన కింద చెప్పాలి. ఎవరు బాగా చెబితే పార్కు వాళ్లది."

రాళ్లాయన ఆ ఈల వైపు చూశాడు. రోజంతా నోట్లో ఒక డొక్కు ఈల బిగించుకుని, చెయ్యెత్తి దించి, చెయ్యెత్తి దించి! ఇన్నేళ్ల రాజులూ ఏనుగులూ ఎక్కడికి పోతాయి? కడుపులోనే ఉండి కుళ్లిపోవూ? ఆఫీసు మెట్లు దిగేటప్పుడు ఒక కాలు కాదు, రెండు కాళ్లూ ఈడ్చాడు.

ఆ సాయంత్రం ఇంట్లో కంచాల ముందు యుద్ధం జరిగింది.

"అక్కా, మీ ఆయనతో చెప్పు. ఇప్పట్నుంచే కాస్త ఊదడం నేర్చుకోమను. కొత్తలో బుగ్గలు నొప్పెడతాయట" అన్నాడు నీళ్లాయన, కూర గిన్నె తన వైపు లాక్కుంటూ.

"మీ తమ్ముడితో చెప్పవే. ఈల ఊదాలంటే నోట్లో కాస్త గాలి మిగలాలి. వాడిది ఎప్పుడో లోయలో పోసేశాడు" అన్నాడు రాళ్లాయన, గిన్నెను తన వైపుకు లాక్కుంటూ.

"నేనేమన్నా టెలిఫోను తీగనా?" అందావిడ. గిన్నె తీసి తన కంచంలో ఒంపేసుకుంది. "ఒకడు ఓడితే మొగుడి ఏడుపు, ఇంకొకడు ఓడితే తమ్ముడి ఏడుపు. ఎవడు ఓడినా నా ఇంట్లోనేగా! ఇవాళ కూర నాకు."

మర్నాడు రాళ్లాయన కడుపునొప్పి అని సెలవు పెట్టాడు. శత్రువు కోటలో ఏముందో చూసి రావాలి కదా! జలపాతం తుంపరలు పడకుండా పార్కువాళ్లు అద్దెకిచ్చే రెయినుకోటు ఒకటి సంపాదించి, టోపీ ముక్కు దాకా లాక్కుని, టికెట్ల కిటికీ ముందు వంగి, గొంతు మార్చి, "ఒకటి" అన్నాడు.

కిటికీలోంచి భార్య పైనుంచి కింది దాకా చూసింది. "మీ గొంతు అచ్చం మా ఆయన గొంతులా ఉందండీ. పాపం, మీకెంత కష్టమొచ్చింది" అని టికెట్టు చింపిచ్చింది.

పైన ఆ రోజు తోటమాలిని నిలబెట్టారు. అతను కర్రతో చూపిస్తూ, "ఇవి రాళ్లు. అటున్నవి కూడా రాళ్లే" అని పని ముగించి అందరినీ వంతెన దాటించేశాడు. ఇంకో రోజైతే రాళ్లాయన ఆ కర్రతోనే అతన్ని తరిమేవాడు. ఇవాళ పళ్లు బిగించుకుని, తడి మెట్లు పట్టుకుని, ఎన్నో ఏళ్ల తర్వాత కిందికి దిగాడు.

జలపాతం ముందు విశాలమైన బండ ఒకటి ఉంది. దాని మీద నిలబడితే నీళ్లన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. బండకు ఎదురుగా కొండ లోపలికి వంగి, ఇంటి చూరులా ముందుకు పొడుచుకొచ్చింది. నీళ్లాయన అప్పటికే వెళ్లి ఆ చూరు కింద నిలబడి, రండి రండి అని చెయ్యి ఊపుతున్నాడు. రాళ్లాయన బండ మీదే ఒక్క క్షణం ఆగి, "నీ నోట్లో మట్టి కొట్టా" అని పెదవులు కూడా సరిగ్గా కదలకుండా గొణుక్కున్నాడు.

అందరూ చూరు కిందికి చేరాక నీళ్లాయన మొదలుపెట్టాడు. "మట్టి సంగతి తర్వాత చూద్దాం, ముందు కథ వినండి. పైన కొండ మీద ఒక రాజు ఉండేవాడండీ. ఒక కాలు ఈడ్చేవాడు. ఎడమ కన్ను ఇలా చికిలించేవాడు. అబద్ధం ఆడినప్పుడల్లా ఆయన కోటలోంచి ఒక రాయి ఊడి పడేది. మీరు పైన చూసిన శిథిలాలు అవే! గోడలు పోయాయి, మెట్లు పోయాయి. కప్పు ఎప్పుడు పోయిందో తెలుసా? ఇంత తెలివైన పెళ్లాం తన అందం చూసి వచ్చిందన్నాడు, అప్పుడు మొత్తం ఒకేసారి పోయింది. ఆ చప్పుడుకు కొండ పగిలి, అబద్ధాలు వినలేక నది ఈ పగుల్లోంచి దూకి పారిపోయింది. ఇప్పటికీ ఆగకుండా పారిపోతూనే ఉంది, చూడండి!"

నవ్వులతో చూరు దద్దరిల్లింది. రెయినుకోటు లోపల రాళ్లాయన ఒళ్లు కుతకుత ఉడికింది. తను గొణిగిన మట్టి వాడి చెవిదాకా ఎలా వెళ్లిందని కూడా ఆయనకు తట్టలేదు. ఒక్కొక్క మాటా మేకులా దిగుతుంటే, మాటలనే లెక్కపెట్టుకున్నాడు గానీ, తాను ఎక్కడ నిలబడి అవి వింటున్నాడో చూసుకోలేదు. పైకి వచ్చేశాక ఆయన మనసులో ఒకే నిర్ణయం ఉంది: ఈ కథ మాత్రం చచ్చినా చెప్పను. దీన్ని తలదన్నేది, ఈ లోయ పుట్టాక ఎవరూ వినని కథ చెబుతాను.

పరీక్ష రోజు వచ్చింది. మేనేజరమ్మ కొంతమంది సందర్శకులతో ముందు మండపానికి వచ్చింది. అక్కడ చెప్పాల్సింది నీళ్లాయన. రాళ్లాయన ఒక స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నీళ్లాయనది హోరును చీల్చడానికి పెంచుకున్న గొంతు. ఆయన ఛాతీ నిండా గాలి పీల్చి, "ఇదీ రాజుగారి మండపం!" అన్నాడు. మండపం ఆ మాటను అందుకుంది. ఇదీ ఇదీ దీ దీ రాజు జుగారి మండ మండ పం పం పం అని ఒకదాని మీద ఒకటి పడి దొర్లాయి. పావురాలు ఒక్కసారిగా లేచిపోయాయి. ఒక పసిపిల్ల గుక్కపట్టి ఏడ్చింది. వినబడలేదేమోనని నీళ్లాయన ఇంకా గట్టిగా అరిచాడు. జనం చెవులు మూసుకున్నారు. కాస్త మెల్లగా మాట్లాడరా అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. రాళ్లాయన ఆ ముక్కను నాలుక కింద చప్పరిస్తూ, కళ్లు మూసుకుని ఆనందించాడు.

వంతెన మీద, ఎన్నో ఏళ్ల తర్వాత మొదటిసారి, బావమరిదితో నేరుగా మాట్లాడాడు.

"వెళ్లి ఆ ఈలకి నీ మూతి కొలత ఇచ్చి రా. బిగుతయితే ముందే మార్పించుకోవచ్చు."

నీళ్లాయన ముఖం కందగడ్డలా ఉంది. అయినా దారిచ్చి పక్కకు జరిగాడు. "ముందు కిందికి దిగు బావా. మెట్లు తడిగా ఉంటాయి, జాగ్రత్త" అన్నాడు.

రాళ్లాయన అందరినీ నేరుగా బండ మీదికి తీసుకెళ్లాడు. చూరు కిందేముంది, చీకటి! రాజులాంటి జలపాతాన్ని వీపు వెనక పెట్టుకుని, జనాన్ని ముందు నిలబెట్టుకుని చెప్పాలి గానీ. నీళ్లాయన ఒక్కడే నడిచి వెళ్లి, ఎదురుగా చూరు కింద కూర్చుని, కాళ్లు చాపుకున్నాడు.

రాళ్లాయన కన్ను చికిలించి, కర్ర ఎత్తి, మండపంలో చెప్పే అదే నింపాది గొంతుతో మొదలుపెట్టాడు. తర్వాతి మాట ఏమిటో ఆయనకే తెలియదు. అదే వచ్చింది.

"పైన కట్టిన మేస్త్రికీ, కింద పారే నదికీ పగ. నా మండపం నీకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది అన్నాడు మేస్త్రి. రోజుకో రాయి పట్టుకుపోతా, చూసుకో అంది నది. నువ్వొకటి తీస్తే నేను రెండు పెడతా అన్నాడు వాడు. ఆమె తీసింది, వాడు పెట్టాడు. పొద్దున లేస్తే వాడు పైనుంచి తిట్టేవాడు, ఆమె కిందనుంచి తిట్టేది. ఆ తిట్ల ఊపులో ఆమె తవ్వి తవ్వి లోయ లోతయింది, వాడు పేర్చి పేర్చి మండపం ఎత్తయింది. ఎంత ఎత్తయిందంటే, మబ్బులు వచ్చి మోకాళ్లు తట్టి దారి అడిగేవి. ఒకరోజు పొద్దున వాడు తిట్టి, చెవి ఒగ్గాడు. కిందనుంచి ఏమీ రాలేదు. నది నోరు మూసుకుందిరా, గెలిచానురా అనుకున్నాడు. రాయి ఎత్తబోయాడు, చెయ్యి లేవలేదు. మర్నాడూ లేవలేదు. ఎవరి మీద కోపంతో కట్టాలి? ఆఖరికి ఉన్న ఒక్క రాయినీ భుజాన వేసుకుని, ఎందుకు ఊరుకున్నావే అని అడగడానికి కిందికి దిగాడు. దిగి చూస్తే, నది ఊరుకోలేదు. గొంతు చించుకుని తిడుతూనే ఉంది. వీడే వినబడనంత పైకి పోయాడు. భుజం మీది రాయి అక్కడే పడేసి, దాని మీద కూలబడి, తిట్టవే, ఇక్కడే వింటా అన్నాడు. ఆ రాయే ఇప్పుడు మనం నిలబడ్డ ఈ బండ. అందుకే పైన మండపం పూర్తి కాలేదు, కింద ఈమె ఆగలేదు."

చెప్పడం ఆపి కర్ర దించాడు. ఏ ఏనుగూ లేదు, ఏ తుమ్మూ లేదు. జీవితంలో ఇలాంటి కథ తన నోట రాలేదని ఆయనకు తెలుసు. ముందున్నవాళ్లు నోళ్లు తెరుచుకుని, కళ్లు పెద్దవి చేసుకుని, కొందరైతే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. భక్తి అంటే అదీ, అనుకున్నాడు.

మేనేజరమ్మ దగ్గరికి వచ్చి, ఆయన చెవిలో అరిచింది.

"మొదలుపెట్టండి! ఎంతసేపు పెదవులు కదుపుతారు?"

ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట కూడా ఎవరికీ వినబడలేదు. బండ మీద అంతే. పక్కనున్నవాడు అరిచినా నీళ్లు మింగేస్తాయి. రాళ్లాయన మళ్లీ మొదటినుంచి చెప్పబోయి, గొంతు పెంచాడు. అలవాటు లేని గొంతు పిల్లి కూతలా చీలింది. సందర్శకులు తుంపరల్లో తడిసి, విసుక్కుని, మెట్ల వైపు తిరిగారు.

వంతెన మీదికి వచ్చాక మేనేజరమ్మ చీర కొంగు పిండుకుంటూ తీర్పు చెప్పింది. "ఆయన పైన పనికిరారు, మీరు కింద పనికిరారు. పాత పద్ధతే కానివ్వండి. కానీ ఒక మాట." ఆమె ఈలను వంతెన మధ్య స్తంభానికి, ఇద్దరికీ కనబడేలా వేలాడదీసింది. "మీలో ఎవరైనా రెండోవాళ్ల గురించి సందర్శకుల దగ్గర ఒక్క చెడ్డమాట అన్నారని తెలిస్తే, వాళ్లు ఇది మెడలో వేసుకుని నేరుగా పార్కింగుకు పోవాలి. చేతులు కలపండి."

కలిపారు. ఎముకలు పటపటమనేదాకా కలిపారు. ఇద్దరూ చిరునవ్వు చెదరనివ్వలేదు.

ఉద్యోగం నిలిచింది. ఆ రాత్రి రాళ్లాయన హాయిగా పడుకోవాల్సింది. కానీ అంత కథా ఎవరికీ చేరకుండా పోయిందన్న దిగులు ఒకటి, అది సరిగ్గా ఎలా వచ్చిందో తనకే గుర్తుకు రావడం లేదన్న దిగులు ఇంకొకటి. మేస్త్రి ఉన్నాడు, నది ఉంది. మబ్బులు ఏం తట్టాయి? మోకాళ్లా, తలుపులా? ఆఖరున వాడు ఏమన్నాడు? పక్క మీద అటూ ఇటూ దొర్లుతుంటే భార్య, "ఆ కడుపునొప్పి మళ్లీ వచ్చిందా? రెయినుకోటు తెమ్మంటారా?" అంది.

మర్నాడు మధ్యాహ్నం, కిందినుంచి తిరిగొచ్చిన ఒక ముసలాయన మండపంలో ఆగి, కళ్లు తుడుచుకున్నాడు.

"ఏం కథ చెప్పాడండీ మీ కింది గైడు! ఆ మేస్త్రీ, ఆ నదీ..."

రాళ్లాయన చేతికర్ర జారిపోయింది.

అప్పుడు అర్థమైంది ఆయనకు, మట్టి సంగతి. ఆ చూరు మహా టక్కరిది. బండ మీద ఎవరేమన్నా, పక్కవాడికి అందనివ్వకుండా లాక్కుని, తన కింద కూర్చున్నవాడి చెవిలో నిమ్మళంగా పోస్తుంది. లోయ మొత్తంలో ఆ కథ విన్న మనిషి ఒక్కడే. కాళ్లు చాపుకుని, మొదటి మాట నుంచి ఆఖరి మాట దాకా విన్నాడు.

"అది నా కథ!" అన్నాడు రాళ్లాయన.

ముసలాయన మండపాన్ని చూశాడు, ఒరిగిన గోడను చూశాడు. రాజుగారి తుమ్ము గుర్తొచ్చినట్టుంది. "సరేలెండి" అని నవ్వి, ఆయన భుజం తట్టి పోబోయాడు.

రాళ్లాయన అడ్డం వెళ్లి నిలబడ్డాడు. సిగ్గు విడిచి అడిగాడు. "పోనీ, మబ్బులు ఏం తట్టాయన్నాడు?"

"మోకాళ్లు."

"ఆఁ, మోకాళ్లే! మరి ఆఖర్న? మేస్త్రి రాయి పట్టుకుని కిందికి దిగాడు కదా. దిగి ఏమన్నాడు?"

"అనడానికేముందండీ. ఆ మేస్త్రికి ఒక కాలు ఈడుపట, ఎడమ కన్ను సరిగ్గా కనబడదట. తడి మెట్ల మీద జారి నదిలో పడ్డాడట. నది వాణ్ణి ఒక్క పుక్కిలి పట్టి ఉమ్మేసిందట. మేమంతా పడీ పడీ నవ్వాం."

ముసలాయన వెళ్లిపోయాడు. రాళ్లాయన కిందపడ్డ కర్ర తీసుకున్నాడు. కళ్లు తుడుచుకుంది ఏడ్చి కాదన్నమాట, నవ్వి! తర్వాతి గుంపు వచ్చింది. వాళ్లకు ఏనుగునూ చూపించలేదు, గోడనూ చూపించలేదు. గబగబా వంతెన దాకా తోలుకొచ్చాడు. అవతలి చివర నీళ్లాయన, ముఖాన పరమ శాంతంతో ఎదురుచూస్తున్నాడు. మధ్యలో ఈల గాలికి ఊగుతోంది.

రాళ్లాయన దాన్ని చూశాడు. గొంతు దాకా వచ్చిన నాలుగు తిట్లను మింగాడు. గుంపు వైపు తిరిగి, చక్కగా నవ్వి, అవతలి చివర దాకా వినబడేలా, జీవితంలో రెండోసారి గొంతు పెంచి చెప్పాడు.

"కింద మీకొక మేస్త్రి కథ చెబుతారండీ. బాగుంటుంది, వినండి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆ మేస్త్రి జారిపడలేదు. పడ్డాడని నది చెప్పుకుంటుంది. ఆ నది పుట్టు దొంగ, పైనుంచి పడ్డదాన్నల్లా నాదే అంటుంది. మిగతాది మీరు తిరిగొచ్చాక నేను చెబుతా."